పదిహేడో ట్రేకి గుక్కెడు నీళ్లు

నేను అంటించిన కాగితాన్ని ఆమె గోళ్లతో గీకి గీకి చింపుతోంది. మా పరిచయం అలా మొదలైంది.

గ్రీన్‌హౌస్ తలుపు మీద ముందురోజు సాయంత్రం నేనే అంటించాను దాన్ని. గాలికి ఊడిపోకుండా నాలుగు మూలలా గమ్ పూసి మరీ. "పురుగుమందు కొట్టేవాళ్లకు మాస్కులు ఇవ్వాలి. చేతులకు తొడుగులు ఇవ్వాలి. ఇచ్చేదాకా అడుగుతూనే ఉంటాం." కింద పదకొండు మంది సంతకాలు. మొదటిది నాది. పొద్దున్న వచ్చేసరికి తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె తలుపుతో కుస్తీ పడుతోంది.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"కనపడటం లేదా? చింపుతున్నా."

"అది పదకొండు మంది డిమాండ్."

"దాని కింద నలభై ట్రేల మొక్కలున్నాయి."

నాకు అర్థం కాలేదు. ఆమె ఇంకో పీలిక లాగింది. కింద నీలం సిరాతో రాసిన చీటీ బయటపడింది. "నేటి నుంచి పన్నెండు రోజులు ఈ గదిలో ఎవరూ నీళ్లు పోయవద్దు." నా పోరాటాన్ని నేను సరిగ్గా ఆ చీటీ మీద అంటించాను.

"నిన్న సాయంత్రం ఎవరైనా నీళ్లు పోశారా?" అంది.

"పోశాను. నా పనే అది."

"ఎన్ని ట్రేలకు?"

"అన్నింటికీ. నేను పక్షపాతం చూపించను."

ఆమె మెట్టు మీద కూలబడింది. "ఇంత పెద్ద తలుపుంటే మీకు నా చీటీయే దొరికిందా?"

"మధ్యలో అంటిస్తేనే అందరూ చదువుతారని."

"నేనూ అందుకే మధ్యలో అంటించాను."

సూపర్‌వైజర్ ముందు, ఆఫీసు ముందు, మైకు ముందు ఎక్కడా మూతపడని నోరు నాది. ఆ రోజు మూతపడింది.

ఆమె లేచి, చింపిన ముక్కల్ని ఏరి, వరసగా పేర్చి చదివింది. "తొడుగులు లేకుండా మందు కొట్టిస్తున్నారా మీతో?"

"ఆరేళ్లుగా."

జేబులోంచి టేపు తీసింది. ముక్కలన్నీ అతికించి తన చీటీ పక్కన నా కాగితం పెట్టింది. పదకొండో సంతకం కింద తన సంతకం గీకి లోపలికి వెళ్లిపోయింది. నేను తలుపు ముందు నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియక నీళ్ల పైపు చుట్టి పెట్టాను. అప్పటికే ఎవరో చుట్టి పెట్టారు దాన్ని.

అక్కడ నన్నందరూ జెండా అంటారు. ఏ గొడవకైనా ముందు నేనే లేస్తానని. ఆమెను చీటీల మేడమ్ అంటారు. కుండీకి చీటీ, డబ్బాకి చీటీ, తాళానికి చీటీ, ఆఖరికి తన టిఫిన్ బాక్సుకీ చీటీ. ఆ మర్నాటి నుంచి జెండా, చీటీ ఒకే బల్ల మీద క్యారేజీ విప్పుతున్నాయని మావాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వనీ. మేము తినే షెడ్డులో ఉన్నది ఒకటే బల్ల.

"నీళ్లు మానేసి మొక్కల్ని ఎండగడితే ఏమొస్తుందండీ మీకు?" అని అడిగాను.

"ఒక మేస్త్రీ దొరుకుతాడు."

"మేస్త్రీ దొరకాలంటే కూలీల అడ్డా మీదకు వెళ్లాలి."

ఆమె చేతిలోని చెంచా బల్ల మీద పెట్టింది. చదువుకున్నవాళ్లు మాకు వివరించేటప్పుడు గొంతు పెంచి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఆమె అలా చెయ్యలేదు.

"చూడండి. ఈ మొక్కలో ముప్పై వేల దాకా జీన్లు ఉంటాయి. ఎక్కువ శాతం కూలీలు. ఒకటి రంగు తయారుచేస్తుంది, ఒకటి గోడ కడుతుంది. కొన్ని మాత్రం మేస్త్రీలు. వాటినుంచి పుట్టే ప్రోటీన్లు సొంతంగా ఏ పనీ చెయ్యవు. వెళ్లి డీఎన్‌ఏని ఒక చోట పట్టుకుంటాయి. పట్టుకుంటే అక్కడున్న జీన్ పని మొదలుపెడుతుంది. లేదా ఆపేస్తుంది."

"పని చెయ్యరు, చేయిస్తారు. మా సూపర్‌వైజర్ బాపతు."

"అచ్చం అంతే. రెండు వేల దాకా ఉన్నారు."

"రెండు వేల మంది సూపర్‌వైజర్లా? ఆ మొక్క ఇంకా బతికి ఉందంటే గొప్పే."

ఆమెకు నవ్వొచ్చి పొలమారింది. నా బాటిల్ ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టింది. డీఎన్‌ఏని పట్టుకోవడానికి ఆ ప్రోటీన్లకు చెయ్యి లాంటి భాగం ఉంటుందట. అలాంటి చెయ్యి ఎవరికుందో కంప్యూటర్ వెతికి పెడుతుందట. దప్పికైనప్పుడు లేచి తిరిగే మేస్త్రీలు నలభై మంది తేలారట. వాళ్లలో ఎవరి పని ఏమిటో ఎవరికీ తెలియదు.

"తెలుసుకోవడం సులువేగా," అన్నాను. "ఒక్కో మేస్త్రీని పనిలోంచి తీసెయ్యండి. ఏ పని ఆగిపోతుందో అది వాడి పని."

ఆమె నా వంక చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు. బజార్లో మన ఊరివాడు కనపడితే చూస్తామే, ఆ చూపు.

"అదే చేశాను," అంది. "నలభై ట్రేలు. ఒక్కో ట్రేలో మొక్కలకు ఒక్కో మేస్త్రీ జీన్ చెడిపోయి ఉంది. నీళ్లు ఆపేస్తే, అసలు మేస్త్రీ ఏ ట్రేలో లేడో ఆ ట్రే అందరికంటే ముందు వాడిపోవాలి. అది దొరికితే ఎండను తట్టుకునే పంటకు దారి దొరికినట్టే."

"దొరక్కపోతే?"

"రెండు నెలల్లో కమిటీ కూర్చుంటుంది. నలభైలో ఒక్కటైనా చూపించకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. నేను పెట్టె సర్దుకుంటాను."

చిన్న మాటలా చెప్పింది. తన టిఫిన్ బాక్సు మీద ఊడిపోతున్న చీటీని మాత్రం బొటనవేలితో నొక్కి నొక్కి అంటిస్తోంది.

పన్నెండు రోజుల గడువు మళ్లీ మొదటినుంచి మొదలైంది. ఆ గదిలో నా పని నేల ఊడవడం, ఫ్యాన్లు చూడటం, అంతే. నీళ్లు లేవు. మొక్కలేమో వేలెడంత ఉంటాయి, ఆవాల మొక్కకు దూరపు చుట్టాలు. వాటి ముందునుంచి ఖాళీ చేతులతో నడవాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆరో రోజు పొద్దున్న చూశాను. పదిహేడో ట్రేలో ఆరు కుండీలూ తలలు వాల్చేశాయి. మిగతా ముప్పై తొమ్మిదీ నిటారుగా ఉన్నాయి. ఎందుకా అని చుట్టూ చూస్తే ఆ ట్రే సరిగ్గా ఫ్యాన్ ఎదురుగా ఉంది. గాలంతా దాని మీదే. నాకు ఒళ్లు మండింది. అందరికీ ఒకే గాలి తగలనప్పుడు అందరినీ ఒకేలా ఎండగట్టడం ఏం న్యాయం? పడిపోయినవాడికి గుక్కెడు నీళ్లు పొయ్యనివాడు మనిషే కాదని నేనే కదా మైకు పట్టుకుని అరిచేది.

నా బాటిల్ మూతతో కుండీకి ఒక్కో మూత చొప్పున పోశాను. సాయంత్రానికి లేచి నిలబడ్డాయి. రోజూ ఒక మూత. నేను ఫ్యాన్ చేసిన అన్యాయాన్ని సరిచేస్తున్నానంతే. ఆమెకు చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయమని అనిపించలేదు. అదీ నా తెలివి.

మొదటి విడత అయిపోయింది. ఏ ట్రే కూడా మిగతావాటికంటే ముందు వాడలేదు. "ఇంకా రెండు బ్యాచులున్నాయి," అంది ఆమె ధైర్యంగా. రెండో బ్యాచులో ట్రేల చోట్లు మార్చింది. పదిహేడు గది మధ్యకు వచ్చింది. అక్కడ ఫ్యాన్ గాలి లేదు. అయినా ఆరో రోజుకు తల వాల్చింది. అప్పుడైనా నా బుర్రకు తట్టాలి. తట్టలేదు. జాలికి అలవాటుపడ్డ చెయ్యి కారణం అడగదు. మూత తిప్పింది, పోసింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వాన వచ్చింది. గ్రీన్‌హౌస్ అద్దాల కప్పు మీద వాన పడితే వెయ్యిమంది ఒకేసారి చప్పట్లు కొట్టినట్టుంటుంది. ఇద్దరం లోపల ఇరుక్కుపోయాం. పక్కనే నిలబడి అరిస్తేగాని మాట వినపడదు.

"పైనేమో ఇంత నీరు," అని అరిచింది ఆమె. "లోపలేమో చుక్క దక్కనివ్వను. నన్ను రాక్షసి అనుకుంటున్నాయేమో ఇవి."

"అనుకోవు. నేను అనుకుంటున్నాను."

"ఏంటీ?"

"ఏం లేదు. వాన బాగుందంటున్నాను."

"రాక్షసి అన్నది వినపడింది," అంది. చేతిలో ఉన్న రాసే అట్టతో నా భుజం మీద ఒక్కటి వేసింది. వాన తగ్గాక కూడా ఇద్దరం కాసేపు కదల్లేదు. ఆమె అద్దం వంక చూస్తోంది. నేను అద్దంలో ఆమె వంక చూస్తున్నాను. తర్వాత తెలిసింది, ఆమె కూడా అద్దంలో నన్నే చూస్తోందట.

రెండో విడత ముగిసిన వారం ఆమె బల్ల దగ్గరకు రాలేదు. వెతుక్కుంటూ వెళితే విత్తనాల గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. ముందు తెల్ల కాగితాలు.

"ఏం రాస్తున్నారు?"

"నలభైలో ఏదీ కాదని రాస్తున్నాను. శుక్రవారం ఇచ్చేస్తాను. మూడో బ్యాచ్ ఎరువు గుంటలో పడేయించండి."

"ఒక్కటి కూడా ముందు వాడలేదా?"

"ఒక్కటీ వాడలేదు. రోజూ సాయంత్రం కొలిచాను. అన్నీ ఒకేలా. అంటే నేను ఎంచిన నలభై మందీ తప్పే. మొదటి మెట్టులోనే ఎక్కడో బోల్తా పడ్డాను." కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాకు ఈ పని రాదేమో."

నా కుడిచెయ్యి జేబులోకి పోయింది. నేను నీళ్లు పోసేది పొద్దున్న. ఆమె కొలిచేది సాయంత్రం. ఆమె వెతుకుతున్న ట్రేని రోజూ నేనే లేపి నిలబెట్టి, ఆమె వచ్చే వేళకు మిగతా వాటిలో కలిపేశాను.

ఆ సాయంత్రం ఇంటికెళితే అమ్మ మిషన్ తొక్కుతోంది. మా ముందుగదే ఆమె టైలర్ షాపు.

"అమ్మా, మంచి చెయ్యబోయి ఒకరి పని పాడుచేస్తే ఏం చెయ్యాలి?"

"ఎవరి పని?"

"ఒకమ్మాయిది."

మిషన్ ఆగింది. "ఏ అమ్మాయి?"

"ముందు అడిగినదానికి చెప్పు."

అమ్మ పళ్లతో దారం తెంపింది. "కత్తిరింపు తప్పిందనుకో. చెప్పకుండా కుట్టేస్తే ఒంటిమీద వేసుకున్నాక బయటపడుతుంది. అప్పుడు గుడ్డా పోతుంది, మనిషీ మళ్లీ మన గడప తొక్కదు. ముందే చెబితే తిట్లు పడతాయి. తిట్లు తగిలి చచ్చినవాడు లేడు. ఇప్పుడు చెప్పు, ఏ అమ్మాయి?"

మర్నాడు గురువారం. పొద్దున్నే ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డాను. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు ఆమెను చూడగానే పోయాయి. మిగిలిన నాలుగు ముక్కలు చెప్పేశాను.

"పదిహేడో ట్రే రెండుసార్లూ వాడిపోయింది. ఆరో రోజుకే. నేను నీళ్లు పోశాను. రోజూ."

ఆమె చేతిలోని కాగితాలు కింద పెట్టింది.

"ఎందుకు?"

"పాపమనిపించింది."

"పాపమనిపించింది," అంది మెల్లగా. "నా మీద అనిపించలేదా? ఈ నెల రోజులూ నేను నా చదువును అనుమానించుకున్నాను. నా కళ్లను అనుమానించుకున్నాను. నిన్న నీ ముందే ఏడ్చాను. నీళ్లు పోసిన చెయ్యి జేబులో పెట్టుకుని వింటూ నిలబడ్డావు నువ్వు."

అప్పటిదాకా మీరు అనేది. నువ్వు అన్న మొదటిసారి అది. ఇలా వినవలసి వస్తుందనుకోలేదు.

పెద్ద మేడమ్ గదికి ఇద్దరం వెళ్లాం. ల్యాబుకు పెద్ద ఆవిడ. అద్దాలు ముక్కు చివర పెట్టుకుని నన్ను పైనుంచి కిందకు చూసింది.

"నా మొక్కల్ని చంపినవాళ్లను చాలామందిని చూశాను. బతికించి నా ప్రయోగాన్ని చంపినవాణ్ణి నిన్నే చూస్తున్నాను."

"తప్పే మేడమ్."

"మూడో బ్యాచ్ ఉందా, పడేశారా?"

"ఉంది మేడమ్. నేను పడెయ్యలేదు."

"అదైనా మంచి పని చేశావు." చీటీల మేడమ్ వైపు తిరిగింది. "కమిటీకి ఇరవై రెండు రోజులుంది. మళ్లీ పెట్టు. ట్రే వాడిపోతే చాలదు, ఆ ప్రోటీన్ డీఎన్‌ఏని నిజంగా పట్టుకుంటుందని కూడా చూపించాలి. పాత లెక్కలు ఎందుకు కొట్టేశామో రాయాలి. ఎవరు పోశారో కూడా రాయాలా వద్దా, అది నీ ఇష్టం."

బయటకొచ్చాక ఆమె నా మొహం చూడకుండానే అంది. "పేరు రాస్తే సూపర్‌వైజర్ ఊరుకోడు. నువ్వెప్పుడు దొరుకుతావా అని కాచుకుని ఉన్నాడు."

"రాయండి. నా పేరు లేకపోతే ఆ తప్పు మీ లెక్కల్లో పడుతుంది."

రాసింది. ఊడిపోలేదు గాని ఉద్యోగానికి కాలు విరిగింది. గ్రీన్‌హౌస్ తాళంచెవి లాక్కుని కుండీలు కడిగే షెడ్డుకు పంపారు. పొద్దుటినుంచి సాయంత్రందాకా నీళ్లలోనే పని. "నీళ్లు పోసినందుకు నీళ్లలోనే ముంచారు మన జెండాని," అని మావాళ్లు వారం రోజులు నవ్వారు.

ఆమె మాత్రం మాట్లాడలేదు. షెడ్డు ముందునుంచే వెళ్లేది. నేను కుండీలు తోమే చప్పుడు పెంచేవాణ్ణి. ఆమె నడక వేగం పెంచేది. తిట్టినా బాగుండేది.

మూడో బ్యాచ్ పెట్టిన తొమ్మిదో రోజు నాకు సెలవు. లోపలి గదిలో పడుకుని ఉంటే ముందుగదిలో ఆమె గొంతు. లేచి తెర వెనక నిలబడ్డాను. సిగ్గు లేకుండా విన్నాను.

"ఈ కోటు జేబు చిరిగిందమ్మా."

"పెన్నులు కుక్కితే చిరక్కేం చేస్తుంది," అంది అమ్మ. "ఆ మొక్కల అమ్మాయివి నువ్వేనా?"

"మీ అబ్బాయి చెప్పాడా?"

"చెప్పకపోవడమా. పొద్దున లేస్తే జీన్లు, పడుకునేముందు ప్రోటీన్లు. ఏడో క్లాసులో తప్పిన సైన్సు నాకు ఈ వయసులో పాసయ్యేలా ఉంది."

ఆమె నవ్వలేదు.

"కోపం పోలేదా తల్లీ?"

"పోలేదు."

"పోగొట్టుకోకు. వాడు చేసింది కోపం రావలసిన పనే. కాకపోతే ఆ కోపమేదో వాడి మొహాన పెట్టి తిట్టు. వాడికి తిట్లు అరుగుతాయి. మాట్లాడకపోవడం అరగదు. నీ కోసం తిండి మానేశాడని చెప్పను, రెండు పూటలా తింటున్నాడు. తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకుని గోడ చూస్తున్నాడు. నాకు గిన్నెలు కడగడం ఆలస్యమవుతోంది."

ఇప్పుడు నవ్వింది. చిన్నగా, ముక్కుతో. నన్ను దాచిన తెర మీద కూడా నాకు ప్రేమ పుట్టింది.

"కోటు రేపటికి అవుతుంది," అంది అమ్మ. "వచ్చి తీసుకెళతావా, పంపించనా?"

మెట్టు మీద చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు.

"మీ అబ్బాయితో పంపించండి."

ఆమె మెట్లు దిగాక అమ్మ తెర వైపు చూడకుండానే అంది. "ఒరేయ్, ఇంక ఇవతలికి రా. నీ కాళ్లు తెర కిందనుంచి ఆ పిల్లకీ కనపడ్డాయి."

మర్నాడు కోటు పట్టుకుని గ్రీన్‌హౌస్ తలుపు దగ్గరకు వెళ్లాను. లోపలికి అడుగు పెట్టలేదు. గడప బయటనుంచే చెయ్యి చాపి ఇచ్చాను.

"రా," అంది.

"నాకు అనుమతి లేదు."

"గది నాది. రా."

ముప్పై తొమ్మిది ట్రేలు సైనికుల్లా నిలబడి ఉన్నాయి. పదిహేడో ట్రే నేలకు అంటుకుపోయింది. ఆకులు తడిబట్ట పిండి పడేసినట్టున్నాయి. నా చెయ్యి నాకు తెలియకుండానే బాటిల్ మీదకు పోయింది.

"చెయ్యి తీసేయ్."

"తీశాను."

"జేబులో పెట్టుకో."

"పెట్టుకున్నాను."

"రెండోది కూడా."

రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, నడుం వంచి ఆమె మైక్రోస్కోపులోకి చూశాను. ఆకు అడుగున సన్నటి పెదవుల్లాంటి రంధ్రాలు. మామూలు మొక్కకు దప్పికైతే అవి మూసుకోవాలి, ఉన్న నీరు పోకుండా. పక్క ట్రే ఆకులో అన్నీ మూసుకుని ఉన్నాయి. పదిహేడు ఆకులో అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి.

"తలుపులు వెయ్యమని చెప్పే మేస్త్రీ లేడు దీనికి," అంది. "నేను వెతికింది వీడినే. నీకు మొదటి వారమే దొరికాడు. నువ్వు వాడికి నీళ్లు పోశావు."

"ఫ్యాన్ గాలి అనుకున్నాను."

"మూర్ఖుడా."

ఆ మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. "ఇంకోటి తిట్టండి," అన్నాను.

"మొండివాడివి. అడగవు. అంతా నీకే తెలుసనుకుంటావు. అన్యాయం కనపడితే చాలు, అది అవునో కాదో చూడకుండా దూకేస్తావు." ఊపిరి తీసుకుంది. "ఆ పదిహేడు ప్రోటీన్ తయారీ మొదలుపెట్టేశాను. బ్యాక్టీరియాలో. నువ్వు చెప్పిన రోజే."

"నా మీద అరిచిన రోజా?"

"అరిచిన గంటకు."

"ట్రే ఇంకా వాడకముందేనా? అంత నమ్మారా?"

"నీ తెలివిని కాదు. నీ జాలిని నమ్మాను. ఊరికే నిలబడ్డదాని మీద నీకు జాలి కలగదు."

ఇద్దరం పదిహేడో ట్రేని చూస్తూ నిలబడ్డాం. నా చేతులు జేబుల్లోనే ఉన్నాయి. "ఇది చచ్చిపోతుందా?" అన్నాను. విత్తనాలు దాచానని చెప్పింది. ఆమె నా మోచెయ్యి మీద వేళ్లు ఆనించింది.

కమిటీ రోజు వచ్చింది. నేను షెడ్డులో కుండీ తోముతున్నాను. తోమిన కుండీనే మళ్లీ తోముతున్నాను. మూడు గంటలకు లోపలికి వెళ్లిన మనిషి అయిదు దాటాక బయటకొచ్చింది. చేతిలో ఒక ఫొటో. మొహం చూసి ఏమీ కనిపెట్టలేకపోయాను.

"ఏమైంది?"

"ముందు ఇది చూడు. పొద్దున్నే వచ్చింది."

నల్లటి ఫొటో మీద తెల్లటి అడ్డగీతలు. ఆమె వేలు పెట్టి చూపించింది. "ఇదొక జిగురు పలక. డీఎన్‌ఏ ముక్కల్ని పైన పెట్టి కరెంటు ఇస్తే కిందకు పరుగెడతాయి. ఇది ఒంటరి డీఎన్‌ఏ. చూడు, అడుగుదాకా పోయింది. ఇది మన పదిహేడు ప్రోటీన్ కలిపిన డీఎన్‌ఏ."

రెండో గీత సగం దారి కూడా దిగలేదు. పైనే ఆగిపోయింది.

"పట్టుకుందా?"

"పట్టుకుంది. పట్టుకుంటే పరుగు నెమ్మదిస్తుంది."

"మరి ఈ మూడోది? దీనికీ ప్రోటీన్ కలిపారా? ఇదీ కిందదాకా పోయిందే."

"కలిపాను. కాకపోతే ఇది వేరే డీఎన్‌ఏ. దాన్ని పట్టుకోలేదు."

"అంటే ఎవర్ని పడితే వాళ్లను పట్టుకోదు."

"పట్టుకోదు," అంది. ఫొటో వంక కాకుండా నా వంక చూస్తూ అంది.

"కమిటీ ఏమంది?"

"నలభైలో పదిహేడునే ఎలా పసిగట్టావని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక మనిషి దాని బాధ చూడలేక రెండుసార్లు నా ప్రయోగం చెడగొట్టాడు, అందుకే తెలిసిందని. ఒకాయన నవ్వాడు. పెద్ద మేడమ్ నవ్వలేదు. ఆ మనిషిని కుండీలు కడగడానికి పెట్టడం దండగ, రోజూ మొక్కల్ని చూసి రాసే పనికి ఇవ్వండి అంది." ఆగింది. "ఇంకో రెండేళ్లు ఇచ్చారు. నేను ఎక్కడికీ వెళ్లడం లేదు."

చేతిలో కుండీ జారి తొట్టిలో పడింది. తడిచేతులు చొక్కాకు తుడుచుకున్నాను. మైకు ముందు గంటలు మాట్లాడే మనిషిని. అయినా చేతులు మళ్లీ తుడుచుకున్నాను.

"మీకొక విషయం చెప్పాలి."

ఆమె మొహం పాలిపోయింది. "మళ్లీ దేనికి నీళ్లు పోశావు?"

"దేనికీ పొయ్యలేదు. మీరంటే నాకిష్టం. తిప్పి తిప్పి చెప్పడం రాదు. పెళ్లి చేసుకుందామా?"

ఆమె ఫొటోని జాగ్రత్తగా కోటు జేబులో పెట్టుకుంది, అమ్మ కుట్టిన జేబులో. "మొన్న కోటు ఇవ్వడానికి వచ్చినప్పుడే అడుగుతావనుకున్నాను."

"రెండు చేతులూ జేబుల్లో పెట్టించి ఎలా అడగమంటారు?"

"ఇంకా మీరేనా?"

"నువ్వు అనడానికి కొంచెం టైమివ్వండి."

"మీ అమ్మగారు ఏమంటారు?"

"ఆవిడ ఆ రోజే నీ..." నాలుక తడబడింది. "నీ కొలతలు రాసిపెట్టుకుంది. కోటు చూసి. పెళ్లిబట్టలు తనే కుడుతుందట. నేను ఒప్పుకోకపోయినా సరేనట."

ఆమె నవ్వు ఆపుకోలేక తొట్టి అంచు పట్టుకుంది. "మా నాన్నకు ఆదివారం చెబుతాను. ఆయన ఒక్కటే అడుగుతారు, కుర్రాడు అబద్ధం ఆడతాడా అని."

"ఏం చెబుతావు?"

"నెల రోజులు దాస్తాడు, తర్వాత పొద్దున్నే వచ్చి చెప్పేస్తాడు అని చెబుతాను."

ఆరు అవుతుంటే ఇద్దరం బస్‌స్టాపుకు బయలుదేరాం. రోజూ నేను ఆ దారిని అయిదు నిమిషాల్లో దాటేస్తాను. మలుపు దగ్గర ఆమె నా ఎడమచెయ్యి పట్టుకుంది. నీళ్లలో నాని ముడతలు పడ్డ చెయ్యి. వదిలెయ్యలేదు.

"ఏంటి, ఇంత మెల్లగా నడుస్తున్నావు?" అంది.

"పట్టుకున్నది ఎవరు?"

ఆమె ఇంకాస్త మెల్లగా నడిచింది. మేము స్టాపుకు నాలుగు అంగల దూరంలో ఉండగానే బస్సు కదిలింది. ఆపమని చెయ్యెత్తవచ్చు. నా కుడిచెయ్యి ఖాళీగానే ఉంది. ఎత్తలేదు.